గాల్లో ఆగిన రోకలి

పక్కింటి మామ్మ పోయిందని మా అమ్మ ఫోన్ చేసినప్పుడు, ఆ మామ్మ నా చెవుల్లో సామలు దంచుతోంది.

మాటవరసకి అనడం లేదు. విశాఖలో మా కాలేజీ ఎడిటింగ్ గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. తెర మీద పొగమంచు, మంచులో ఒక వసారా, వసారాలో రోకలి ఎత్తుతున్న మామ్మ. ఫోన్ మోగితే కుడి చెవి మీదిది పక్కకి తోశాను. "మామ్మ పోనాదే. పొద్దున్న సామలు సేటలో పోసుకున్నాది. రోలు కాడికి ఎల్లనేదు," అంది అమ్మ. ఎడమ చెవిలో మాత్రం దెబ్బ పడుతూనే ఉంది. ఆపడానికి ఒక మీట నొక్కితే చాలు. నాకు చెయ్యి రాలేదు. రికార్డింగు తనంతట తను అయిపోయేదాకా అలాగే కూర్చున్నాను.

ఆమెతో మాకు రక్తసంబంధం లేదు. రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే, అంతే చుట్టరికం. మా ఊరు అరకు లోయకి పైన, కొండ వాలున ఉంటుంది. గెడ్డ, అదే కొండవాగు, దాటి ఎక్కుతూ వస్తే ముందు కింద వీధి, తర్వాత నడిమి వీధి, చివర మా పై వీధి. చలికాలం పొద్దున్న మంచు దిగిందంటే కింద వీధివాళ్లకి మేం లేము, మాకు వాళ్లు లేరు. ఉన్నారని చెప్పేది రోకళ్ల చప్పుడే. ఇప్పుడు మర వచ్చేసింది కాబట్టి చాలా ఇళ్లలో రోలు కోళ్లకి నీళ్లు పెట్టడానికి పనికొస్తోంది. మామ్మ మాత్రం మర గుమ్మం తొక్కలేదు. "మర పట్టిన సామకి రుసి ఉండదు, మాటా ఉండదు," అనేది. తొంభై నిండాయని మా అమ్మ లెక్క. ఆ వయసులోనూ రోజూ గుప్పెడు సామలైనా, దెబ్బకి దెబ్బకి మధ్య ఊపిరి తీసుకుంటూ, తన రోట్లో తనే దంచుకునేది.

ఆమెకి ఒక అలవాటుండేది. వీధిలో ఎవరి అడుగైనా వినబడితే చాలు, ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఆపేసేది. "ఎవులు?" అని అడిగేది. "నానే మామ్మా," అంటే అప్పుడు దెబ్బ దించేది. మనిషైనా, మేకైనా, గాలికి దొర్లిన ఎండు పనసాకైనా అంతే. చిన్నప్పుడు మాకది పెద్ద ఆట. నేనూ మా వీధి పిల్లలూ వంతులేసుకుని ఆమె గుమ్మం ముందు అటూ ఇటూ నడిచేవాళ్లం. నడిచినప్పుడల్లా రోకలి గాల్లో ఆగేది. "ఎవులు?" జవాబు చెప్పకుండా నోరు మూసుకుని నవ్వేవాళ్లం. జవాబు వచ్చేదాకా ఆమె రోకలి దించేది కాదు, చేతులు వణుకుతున్నా సరే. ఒకసారి నేనే పోయి ఎందుకలా ఆపుతావని అడిగాను. "అడుగెవులదో తెలకుండా దెబ్బెయ్యకూడదు, గుంటా," అంది. పదేళ్లదాన్ని, నాకేం తెలుస్తుంది? అది వయసు తెచ్చిన చాదస్తం అనుకున్నాను.

మా ఊళ్లో ఇంకో మాట ఉంది. ఎవరైనా వాగుడు ఆపకపోయినా, గుట్టు బయటపెట్టినా "నీ నోరు కొత్తకోడలి రోకలే" అంటారు. దాని వెనక కథ ఊళ్లో అందరికీ తెలుసు. పంతొమ్మిదివందల ఇరవైల్లో, మన్యంలో పితూరీ రోజుల్లో, అడవిలో దాగిన తిరుగుబాటువాళ్లని వెతుక్కుంటూ తెల్లదొరల పటాలం కొండలెక్కేదట. పటాలం వస్తోందంటే ఊరంతా దంచడం ఆపేసేదట. ఒక కొత్తకోడలు మాత్రం ఎర్రకోకకి ఆశపడి ఆపకుండా దంచి, మంచులో వాళ్లకి దారి చూపించిందట. ఆమె ఏ ఇంటి కోడలో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. మా అమ్మానాన్నల వయసువాళ్లు ఆ మాట పై వీధిలో వాడేవారు కాదనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నాకు నోరు ముందు, బుద్ధి వెనక. ఈ స్మృతి రాయడానికి అసలు కారణం అదే.

చదువు ఆఖరి ఏడు మేం ఒక సినిమా తీయాలి. పావుగంట సినిమా. థ్రిల్లర్ తీద్దామన్నాను. కెమెరాకి పార్వతీపురం సత్తిబాబు, సౌండుకి గుమ్మలక్ష్మీపురం నుంచి వచ్చిన ఎస్తేరు, రాతకీ అరుపులకీ నేను. కథ మా ఊరి పితూరీ కథే. మేం ముగ్గురం సెలవులకి మా ఇంటి అరుగు మీద చేరి, మొదటి దృశ్యం ఎలా ఉండాలని రెండు రోజులు కొట్టుకున్నాం. సత్తిబాబుకి మొదటి క్షణంలోనే తుపాకి పేలాలి. "మొదటి నిమిషంలో జనాన్ని పట్టీకపోతే ఫోన్లు తీసీస్తారు," అన్నాడు. ఎస్తేరుకి తుపాకి ఇష్టం లేదు, కుక్క అరుపు కావాలంది. నేను రెండూ పాతవే అన్నాను గాని నా దగ్గర మూడోది లేదు.

గోడ అవతల రోకలి ఆగింది. "ఏటి సేత్తన్నార్రా పొద్దుట్నించి?" అంది మామ్మ. సినిమాకి భయపెట్టే మొదలు కావాలని చెప్పాను.

"తుపాకి పేలితే ఇంకేటి భయం? అయిపోనాది కాదా? పేలకముందే ఉంటాది భయం."

"మరి పేలకముందు ఏం చూపించాలి మామ్మా?"

"సూపెట్టకండి. ఇనిపించండి." రోకలి గోడకి ఆనించి, గోడ మీదుగా మొహం పెట్టింది. "పటాలం గెడ్డ దాటినాదంటే కింద వీధోళ్లకి ముందు తెలుస్తాది. ఆళ్ల రోకళ్లు ఆగిపోతాయి. అది ఇని నడిమీధోళ్లు ఆపీస్తారు. అది ఇని మనోళ్లు. కేకెయ్యరు, పరిగెట్టరు. సప్పుడు పోవడమే కబురు. మనిసి ఎక్కొచ్చేలోపు ఆ నిశ్శబ్దం ఎక్కొచ్చీసుద్ది."

ఎండ కాస్తోంది. అయినా ముగ్గురం ఒకరికొకరు దగ్గరగా జరిగాం. ఎస్తేరు అప్పటికే కాగితం మీద మూడు గీతలు గీసి, ఏ వీధిలో ఏ మైకు పెట్టాలో రాసుకుంటోంది. నేనైతే ఎగిరి గంతేశాను. "ఊరంతా నిశ్శబ్దం! ఒక్క రోకలే మోగుతుంటుంది. ఆ కొత్తకోడలిది. ఎర్రకోక మీద ఒక షాటు వేస్తే, అదే మన విలనని జనానికి అర్థమైపోతుంది," అన్నాను, గొంతు తగ్గించకుండా.

అప్పటికే మామ్మ మళ్లీ రోకలి ఎత్తి ఉంది. అది గాల్లోనే ఆగింది. ఆ వేళ వీధిలో ఎవరి అడుగూ లేదు. ఈ సంగతి నేను గమనించలేదు, ఎస్తేరు గమనించి తర్వాత చెప్పింది.

కాసేపటికి మామ్మే అడిగింది. "ఆ కోడలి యేసం ఎవులేత్తారు?"

"నువ్వే మామ్మా! మంచులో మొహం కనబడదు, నీడే. నీలాగ లయ తప్పకుండా రోకలి వేసేవాళ్లు ఊళ్లో ఇంకెవరున్నారు?" 

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది, కోపం లేదు అందులో. "సరే," అని సామల్లో ఊక ఊదుకుంది.

దృశ్యం అంతా కాగితం మీద పెట్టాం. వీధికి రెండు రోళ్లు, పై వీధిలో మామ్మది ఒక్కటి, మొత్తం ఐదు. ముందు ఐదూ మోగాలి. సత్తిబాబు కింద నుంచి కెమెరాతో మంచులోకి నడుస్తూ ఎక్కుతాడు, పటాలం కళ్లు అవే. నేను ఈల వేయగానే కింద వీధి ఆగాలి, తర్వాత నడిమి వీధి. ఎర్రకోక కట్టిన మామ్మ మాత్రం ఆగకూడదు. కెమెరా ఆ చప్పుడు పట్టుకుని వసారా దాకా రావాలి. అంతే దృశ్యం. ఎక్కడా మాట లేదు.

మూడు రోజులు మంచు కోసం ఎదురుచూశాం. నాలుగో పొద్దున్న దిగింది. ఎదుటి మనిషి కాళ్లు కనబడితే తల కనబడనంత మంచు. ఆడవాళ్లందరూ నవ్వుకుంటూ రోళ్ల దగ్గర చేరారు. దంచడం మొదలైంది. ఈల వేశాను. కింద వీధి ఆగింది. నడిమి వీధి ఆగింది. పై వీధీ ఆగింది.

"మామ్మా, నువ్వు ఆపకూడదు," అని అరిచాను. "ఔను గుంటా, మర్సిపోనాను," అంది. రెండోసారీ ఆపేసింది. మూడోసారి నేనే వెళ్లి పక్కన నిలబడ్డాను. నడిమి వీధి ఆగగానే, మంచులోంచి సత్తిబాబు అడుగులు వినబడగానే, ఆమె చేతులు రోకలిని పైకెత్తి అక్కడే పట్టేశాయి. కావాలని ఆపుతున్నట్టు లేదు. చేతులకి ఆమె చెప్పినా వినబడనట్టుంది. నాలుగోసారి కూడా అదే. తూర్పున మంచు పలచబడుతోంది. ఇంకో అరగంట దాటితే ఆ రోజుకి పని చెడినట్టే. నాకు ఒళ్లు మండిపోయింది.

"కొత్తకోడలి రోకలి ఎక్కడైనా ఆగిందా మామ్మా?" అని వీధి దద్దరిల్లేలా అరిచాను.

నడిమి వీధిలో నవ్వులు ఆగిపోయాయి. మా ఇంట్లోంచి అమ్మ బయటికొచ్చి, "నోరు ముయ్యవే," అంది. అమ్మ నాతో ఎప్పుడూ అంత మెల్లగా మాట్లాడలేదు. అప్పుడు భయమేసింది నాకు.

మామ్మ రోకలి గోడకి ఆనించి, రోలు పక్కనే కూర్చుంది.

"ఆ కోడలు మా అమ్మే," అంది.

ఆమె నా వైపు చూడకుండా, రోటి అంచు మీది సామల్ని వేలితో లోపలికి తోసుకుంటూ చెప్పింది.

"మా అమ్మది లంబసింగి కాడ కొండూరు. ఆ ఊళ్లో పటాలమొత్తే రోకలాపకూడదు. ఆపితే ఏటో దాసినారని అనుమానమొచ్చీసుద్ది. ఏటీ ఎరగనట్టు దంచుకోవాల. ఈ ఊళ్లో ఆపాల. మంచులో సప్పుడు నేకపోతే ఆళ్లకి దారి దొరకదు. ఆ కొండది ఆ పద్ధతి, ఈ కొండది ఈ పద్ధతి. పెళ్లై పది దినాలు. ఎవులూ సెప్పనేదు. సెప్పాలని ఎవులికీ తోసనేదు. ఆ పొద్దు మా పెదనాయన అడవి నుంచి గెంజి తాగడానికి దిగినాడు. ఇంట్లోనే ఉన్నాడు. కింద వీధి ఆగినాది, నడిమీధి ఆగినాది. మా అమ్మకి గుండె జారిపోనాది. అయ్యో, ఈళ్లంతా ఆపీసినారు, ఇంక అనుమానమే, మా బావని పట్టీసుకుంటారనుకున్నాది. ఆయన్ని కాయాలని గట్టిగా దంచినాది. ఊరందరి దెబ్బలూ ఆయమ్మొక్కతే దంచినాది."

"మీ పెదనాన్న?"

"తీసుకెల్లిపోనారు. మరి రానేదు."

నేను ఇంకా తెలివితక్కువగా, "మరి ఎర్రకోక..." అన్నాను.

"పెళ్లికోక గుంటా. పది దినాల పెళ్లికూతురు ఇంకేటి కట్టుకుంటాది?"

ఆ తర్వాత బతికినన్నాళ్లూ వాళ్లమ్మ అడుగు వినబడితే రోకలి ఆపేదట. మేక నడిచినా ఆపేదట. కూతురికి దంచడం నేర్పకముందే ఆపడం నేర్పిందట. మేం పిల్లలం గుమ్మం ముందు అటూ ఇటూ నడిచి నవ్వుకున్నది దాన్ని చూసే. సిగ్గుతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇదంతా తెలిసీ వేషం ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. "ఇంకెవులో ఏత్తే ఆ సేతులు దొంగ సేతులైపోతాయి కదేటి," అంది.

షూటింగ్ ఆపేద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. లేచి రోకలి అందుకుంది. "మంచుండగానే బేగి తియ్యండి."

ఐదోసారి కింద వీధి ఆగింది. నడిమి వీధి ఆగింది. మామ్మ దంచింది. ఇంకా గట్టిగా దంచింది. తొంభయ్యేళ్ల ఒంట్లోంచి ఆ బలం ఎక్కడిదో నాకు తెలియదు. ప్రతి దెబ్బకీ గొంతులోంచి చిన్న మూలుగు వచ్చేది. మంచులో సత్తిబాబు అడుగులు దగ్గరవుతున్నకొద్దీ ఆ దెబ్బలు తొందరపడ్డాయి. మిగతా నలుగురు ఆడవాళ్లూ ఆపిన రోకళ్లు పట్టుకుని వింటున్నారు. ఎస్తేరు ఉండబట్టలేక హెడ్‌ఫోన్లు తీసేసింది. కట్ చెప్పాల్సింది నేను. ఎప్పుడు చెప్పానో గుర్తులేదు.

రోకలి దించి కూర్చున్నాక మామ్మ నాతో, "ఇదొకటి మా అమ్మది. ముందు తీసినవి నావి. ఏది కావాలో నువ్వే ఏరుకో. కానీ మా అమ్మకి ఎర్రకోక మీద ఆశని మాత్రం సూపెట్టకే," అంది. అలాగే మామ్మా, అయ్యాక ముందు నీకే చూపిస్తానన్నాను. "కళ్లు ఆనవు గానీ, ఇంటాన్లే," అంది.

ఇక్కడ నిజం చెప్పాలి. విశాఖ వచ్చాక ఆ దృశ్యాన్ని పాత కథ ప్రకారమే కూర్చాను. మా మాస్టారు ఒకరు చూసి, ఆ కోడలి ద్రోహమే మీ సినిమాకి ప్రాణం, అది ముట్టుకోకండన్నారు. ఆయనకి అసలు సంగతి తెలియదు, నేను చెప్పలేదు. మెచ్చుకోలు తీపి. రేపు మారుస్తాను, ఎల్లుండి మారుస్తాను అనుకుంటూ మూడు వారాలు గడిపాను. అమ్మ ఫోన్ చేసిన పొద్దున్న నేను చేస్తున్న పని ఏమిటో తెలుసా? ఎర్రకోక రంగు ఇంకాస్త ఎర్రగా చేస్తున్నాను.

మర్నాడు తెల్లారి బస్సు దిగి గెడ్డ దాటాను. మంచు. మా దగ్గర చావు జరిగితే మట్టి చేసేదాకా ఊళ్లో రోలు మోగదు. కింద వీధిలో చప్పుడు లేదు. నడిమి వీధిలో లేదు. తలుపుల వెనక మనుషులున్నారని తెలుస్తోంది, ఎవరూ కనబడటం లేదు. నా అడుగులు నాకే పెద్దగా వినబడుతున్నాయి. నేను రాసుకున్న దృశ్యంలోకి నేనే నడుస్తున్నానని, అందులో పటాలం తరఫున నడుస్తున్నానని సగం దారిలో తెలిసింది. మామ్మ గుమ్మం ముందు కాళ్లు వాటంతట అవే ఆగాయి, ఎవులు అని అడుగుతుందని.

మట్టి చేసి వచ్చాక నడిమి వీధి పెద్దావిడ నా పక్కన కూర్చుంది. "ఆయమ్మ తల్లి తప్పు నేదని మాకు ఎప్పుడో తెలుసే. మా అత్త సెప్పినాది. మాట నోటికి అలవాటైపోనాది, అంతే," అంది. వందేళ్లు ఒక మనిషిని ద్రోహి అన్నది అలవాటు కొద్దీనట! ఆవిడ మీద నాకు కోపం రావాల్సింది. రాలేదు, నేనూ ఆ వరసలోదాన్నే.

తిరిగొచ్చి సినిమా మొదలు మార్చేశాను. ఇప్పుడది లంబసింగి వైపు ఒక వసారాలో మొదలవుతుంది. పెళ్లికూతురికి వాళ్లమ్మ తల దువ్వుతూ, "కొత్త అడుగు ఇనబడితే రోకలాపకే తల్లీ," అని చెబుతుంది. అంతే. తర్వాత మా ఊరు, మంచు, ఐదు రోళ్లు. ముందే అంతా చెప్పేస్తే ఇంక థ్రిల్ ఏముందని సత్తిబాబు సణిగాడు. వేసి చూపించాను. కింద వీధి ఆగింది. నడిమి వీధి ఆగింది. పై వీధిలో ఆ ఒక్క రోకలి గట్టిపడుతుంటే, సత్తిబాబు కుర్చీ అంచు పట్టుకుని, "ఆపీయమ్మా... ఓలమ్మా, ఆపీయ్," అన్నాడు. పేలకముందే ఉంటాది భయం అని మామ్మ చెప్పింది ఇదే. ఆ మాట ఆమెతో చెప్పాలనిపించి ఏడుపొచ్చింది.

ఆమెకి వినిపిస్తానన్నది వినిపించలేకపోయాను. ఆమెది నేను వినాల్సింది మాత్రం నా దగ్గర ఒకటుంది. రెండో టేకుకీ మూడో టేకుకీ మధ్య ఎస్తేరు రికార్డరు ఆపడం మర్చిపోయింది. అందులో మామ్మ తనకోసం తను మెల్లగా దంచుకుంటూ ఉంటుంది. మైకు సర్దడానికి నేను గబగబా నడిచొస్తున్న అడుగులు వినబడతాయి. రోకలి ఆగుతుంది. "ఎవులు?" అంటుంది. పని తొందరలో ఉన్నాను, జవాబు చెప్పలేదు. ఆ ఫైలు అక్కడితో అయిపోతుంది.

రోజూ పొద్దున్నే, ఆమె దంచే వేళకి, అది పెట్టుకుని వింటున్నాను. ఎవులు అనగానే "నానే మామ్మా," అంటాను. కాసేపు కాచుకుని ఉంటాను. దెబ్బ పడదు. రోకలి ఇంకా ఆమె చేతుల్లో, పైకెత్తినట్టే ఉంది.